ముసలి కుందేలు ట్రే ఎందుకు తప్పుతుంది?



ఈనాటి ప్రసంగ విషయం వినగానే మీలో కొందరికి నవ్వు రావచ్చు. ఎడ్ల గురించి, బర్రెల గురించి, గొర్రెల గురించి రేడియోలో చెబితే అర్థం ఉంది గానీ, ముసలి కుందేలు ఎక్కడ మూత్రం పోస్తే మనకెందుకు అనిపించవచ్చు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఈ రోజుల్లో మా పోతనాళ లాంటి ఊళ్ళలో కూడా పిల్లల ముచ్చట కోసం కుందేళ్ళను తెచ్చి పెంచే ఇళ్ళు కనిపిస్తున్నాయి. తెచ్చినప్పుడు అది అరచేతిలో పట్టే పిల్ల. ఏడెనిమిదేళ్ళు గడిచేసరికి పిల్లలు హైస్కూలు చదువుల్లో పడతారు, కుందేలు ముసలిదవుతుంది. అప్పుడు దాన్ని ఎలా చూసుకోవాలో చెప్పేవారు ఉండరు. అందుకే ఈ నాలుగు మాటలు.

మా ఇంట్లో ఒక తెల్ల కుందేలు ఉంది. పేరు మల్లి. మా అమ్మాయి రెండో తరగతిలో ఉండగా వచ్చింది. ఇప్పుడు అమ్మాయి పదో తరగతి. అంటే మల్లికి ఎనిమిదేళ్ళు. ఇన్నేళ్ళూ అది వంటింటి పక్క వరండాలో, ఒక మూల పెట్టిన ప్లాస్టిక్ ట్రేలోనే మూత్రం పోసేది, అందులోనే పెంటికలు వేసేది. వచ్చిన చుట్టాలు చూసి, "మీ కుందేలుకు కూడా పాఠం చెప్పారా మాస్టారూ" అని మెచ్చుకునేవారు. అలాంటిది నిరుటి నుంచి క్రమం తప్పింది. ముందు ట్రే పక్కనే నాలుగు పెంటికలు. తర్వాత ట్రే ముందే మడుగు. ఆ తర్వాత ఎక్కడ పడుకుంటే అక్కడే. ఒక రోజు పొద్దున బడికి బయలుదేరుతూ ఆ తడిలో కాలు వేసి, షాబాద్ బండల మీద జారి గోడ పట్టుకున్నాను. ముందు కోపం వచ్చింది. మల్లిని గదమాయించాను. "దీన్ని తీసుకుపోయి కాలువ గట్టున వదిలేస్తాను, గడ్డి తిని బతుకుతుంది" అన్నాను. మా అమ్మాయి ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు.

అప్పుడు మా అమ్మ ఒక మాట అన్నది. "దానికీ నాలాగా మోకాళ్ళు పట్టేశాయేమో చూడరా. ఆ డబ్బా గోడ ఎంత ఎత్తుందో చూశావా?"

నేను బి.ఇ.డి. చదివినవాణ్ణి. పిల్లవాడు లెక్క తప్పు చేస్తే కొట్టకూడదు, ఎక్కడ తప్పాడో చూడాలని మాకు నేర్పారు. ఆ పాఠం కుందేలు దగ్గర నాకు గుర్తు రాలేదు. చదువుకోని మా అమ్మకు తోచింది. ఈనాటి ప్రసంగం సారం కూడా అదే. ఏళ్ళ తరబడి శుభ్రంగా ఉన్న కుందేలు ముసలితనంలో ట్రే తప్పితే, అది మొండితనం కాదు, పగ కాదు. దాని శరీరం మనకు ఏదో చెబుతోందని అర్థం.

ముందుగా కుందేలుకు ట్రే అలవాటు ఎలా వస్తుందో చూద్దాం. మనం పెంచే కుందేలు వేరు, మన చేలల్లో పరుగెత్తే చెవులపిల్లి వేరు. పెంపుడు కుందేలు మూలం స్పెయిన్, పోర్చుగల్ దేశాల వైపు. అది నేలలో బొరియలు తవ్వి గుంపుగా బతికే జాతి. దాని పిల్లలు కళ్ళు తెరవకుండా, ఒంటి మీద బొచ్చు లేకుండా బొరియలో పుడతాయి. మన చెవులపిల్లి బొరియ తవ్వదు. దాని పిల్లలు కళ్ళు తెరిచి, బొచ్చుతో బయటే పుడతాయి. బొరియల్లో గుంపుగా ఉండే జంతువు పడుకునే చోటు పాడు చేసుకోకుండా, విసర్జనకు కొన్ని స్థలాలు ఏర్పాటు చేసుకుంటుంది. ఆ స్వభావం వల్లనే పెంపుడు కుందేలు ట్రేకు సులువుగా అలవాటు పడుతుంది. శుభ్రత దాని పుట్టుకలోనే ఉంది. అలాంటి జంతువు తన తడిలో తానే పడుకుంటున్నదంటే, లేచి వెళ్ళలేక పడుకుంటున్నదని గ్రహించాలి.

చెవులపిల్లి మాట వచ్చింది గనుక ఒక హెచ్చరిక. కోతల సమయంలో దాని పిల్లలు దొరికితే ముచ్చటపడి ఇంటికి తేవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి రక్షణ ఉంది. పైగా తల్లి రోజంతా దగ్గర ఉండదు, పాలిచ్చే వేళకు వస్తుంది. ఒంటరిగా కనిపించినంత మాత్రాన అది దిక్కులేని పిల్ల కాదు.

ఇక అసలు విషయం. ఇంట్లో బాగా చూసుకున్న కుందేలు సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు బతుకుతుంది. ఐదారేళ్ళు దాటితే పెద్ద వయసు కిందే లెక్క. ఆ వయసులో ట్రే తప్పడానికి ముఖ్యమైన కారణాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది కీళ్ళ నొప్పి. వెనక కాళ్ళ కీళ్ళు, వెన్నుపూసలు అరిగి బిగుసుకుపోతాయి. అంగుళాల ఎత్తున్న ట్రే అంచు దానికి కొండవుతుంది. కుందేలు నొప్పికి అరవదు. అడవిలో అరిస్తే వేటాడే జంతువుకు చిక్కుతుంది గనుక నొప్పి దాచుకోవడం దాని స్వభావం. మనమే గుర్తు పట్టాలి. ముందులా గెంతకపోవడం, నడకలో వెనక భాగం ఈడ్చినట్టు ఉండడం, ఒళ్ళు నాకి శుభ్రం చేసుకోలేకపోవడం, చెవిలో గుబిలి పేరుకోవడం, గోళ్ళు అరగక పొడుగవడం ఇవన్నీ ఆ గుర్తులే.

రెండోది మూత్రాశయం. కుందేలు శరీరంలో ఒక విశేషం ఉంది. మనం తిన్న సున్నంలో, అంటే క్యాల్షియంలో, అవసరమైనంతే మన పేగులు తీసుకుంటాయి. కుందేలు అలా కాదు. మేతలో ఎంత ఉంటే దానికి తగినట్టు ఒంట్లోకి తీసుకుని, మిగిలినది మూత్రంలో పంపిస్తుంది. అందుకే దాని మూత్రం తెల్లగా, ఆరితే సుద్దపొడిలా ఉంటుంది. కొద్దిగా అలా ఉండడం సహజం. కానీ నీళ్ళు తక్కువ తాగి, కదలక కూర్చునే ముసలి కుందేలులో ఆ సున్నం మూత్రాశయం అడుగున బురదలా పేరుకుంటుంది. ఒక్కోసారి రాయి కడుతుంది. అప్పుడు మూత్రం పేస్టులా చిక్కగా రావడం, ముక్కుతూ పోయడం, చుక్కలు చుక్కలుగా కారడం చూస్తాం. మూత్రకోశానికి సూక్ష్మజీవుల జబ్బు వచ్చినా తరచు కొద్దికొద్దిగా పోస్తుంది.

మూత్రం ఎర్రగా ఉంటే వెంటనే రక్తమని భయపడనక్కర లేదు. కొన్ని ఆకుల్లోని రంగుల వల్ల కూడా ఎర్రగా, నారింజ రంగుగా రావచ్చు. అయితే మన కళ్ళతో తేల్చుకోవడం కష్టం. పశువైద్యుడు చిన్న పరీక్షతో చెప్పగలరు. ముఖ్యంగా పిల్లల సంచి ఆపరేషన్ కాని ఆడ కుందేలు విషయంలో అశ్రద్ధ కూడదు. నాలుగేళ్ళు దాటిన ఆడ కుందేళ్ళలో గర్భాశయ క్యాన్సరు చాలా ఎక్కువ. మూత్రంలో రక్తం కనిపించడం దానికి తొలి గుర్తు కావచ్చు.

మూడోది మూత్రపిండాల బలహీనత. నీళ్ళు ఎక్కువ తాగుతుంది, ఎక్కువ పోస్తుంది, బరువు తగ్గుతుంది. నాలుగోది నరాల జబ్బు. మెదడును, మూత్రపిండాలను పట్టే ఒక సూక్ష్మ పరాన్నజీవి కుందేళ్ళలో ఉంది. దానివల్ల తల ఒక పక్కకు వాలిపోవడం, వెనక కాళ్ళు పట్టు తప్పడం, మూత్రం తెలియకుండా కారడం జరుగుతుంది. ఐదోది చూపు మందగించడం. ట్రే చోటు మారిస్తే ముసలి కుందేలు వెతుక్కోలేదు. ఇంకా ఇంట్లో కొత్త కుక్కపిల్ల రావడం, సామాన్లు మార్చడం, పెళ్ళి హడావిడి, ఇలాంటి బెదురు వల్ల కూడా అలవాటు తప్పవచ్చు.

ఇన్ని కారణాల్లో ఏదని ఎలా తెలుస్తుంది? ఒక వారం గమనించి రాసుకోండి. మా అమ్మాయి పాత నోటుపుస్తకంలో రాసింది. ఎక్కడ పోసింది? ఎంత పోసింది? రంగేమిటి? ఎంత తిన్నది? పెంటికల సైజెంత? పెంటికలు మాత్రమే బయట పడి, మూత్రం ట్రేలోనే ఉంటే పెద్ద ప్రమాదం కాకపోవచ్చు. ట్రే అంచు దాకా వచ్చి బయటే పోస్తే, దానికి ట్రే గుర్తుంది గానీ ఎక్కలేకపోతున్నదని అర్థం. మా మల్లి పుస్తకంలో ఏడు రోజులూ అదే తేలింది. పడుకున్న చోటే తడిస్తే, పట్టు తప్పిందని అర్థం. వారానికొకసారి వంటింటి త్రాసులో బరువు కూడా చూడండి. బొచ్చు కింద చిక్కిపోవడం కంటికి తెలియదు, కాటాకు తెలుస్తుంది.

అయితే రెండు సందర్భాల్లో వారం ఆగకూడదు. ఒకటి, మూత్రం పోయడానికి ముక్కుతూ చుక్క కూడా రాకపోతే. రెండు, పన్నెండు గంటలుగా ఏమీ తినకుండా, పెంటికలు వేయకుండా మూలకు కూర్చుంటే. కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. అవి ఆగితే ప్రాణానికే ముప్పు. కుందేలు వాంతి చేసుకోలేదు గనుక లోపల చేరింది బయటికి వచ్చే దారి కూడా ఉండదు. వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

డాక్టరు అన్నాను గనుక నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. మల్లికి మూత్రం జబ్బేమోనని, ఇంట్లో మిగిలిన పిల్లల అమాక్సిసిలిన్ సిరప్ నాలుగు చుక్కలు పోద్దామనుకున్నాను. ఎందుకైనా మంచిదని ముందు పశువైద్యుణ్ణి అడిగాను. ఆయన గట్టిగా ఆపారు. పెన్సిలిన్ జాతి మందులు, అంటే అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ లాంటివి, నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, చెడ్డవి పెరిగి, విషం పుట్టి కుందేలు చనిపోవచ్చు. మనిషి బిడ్డకు మేలు చేసిన సీసా కుందేలుకు విషమవుతుంది. అలాగే కుక్కలకు పేలు, గోమార్లు పోవడానికి వాడే ఫిప్రోనిల్ మందు కుందేలుకు వాడకూడదు. మనుషుల నొప్పి మాత్రలు విరిచి వేయకూడదు. కుందేలుకు సరిపడే కీళ్ళ నొప్పి మందులు ఉన్నాయి. అవి డాక్టరు బరువు చూసి, మోతాదు రాసి ఇవ్వాలి.

మా ప్రాంతపు పశువైద్యులకు రోజూ వచ్చేవి బర్రెలు, ఎడ్లు, గొర్రెలు, మేకలు. కుందేలు అరుదు. అలాంటప్పుడు వారు పెద్ద ఆసుపత్రిని సంప్రదించమంటే చిన్నబుచ్చుకోకండి. అది వారి నిజాయితీ. మన వైపు వారికి బీదరులో పశువైద్య కళాశాల ఉంది. గద్వాల, మహబూబ్‌నగర్ వైపు శ్రోతలకు హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఉంది. ఎక్స్‌రే, మూత్ర పరీక్ష, పళ్ళ పరీక్ష ఈ మూడూ అడగండి. కుందేలు పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. అరగడం సరిగా లేక దవడ పళ్ళు వంకరగా పెరిగితే నాలుకకు, బుగ్గకు గుచ్చుకుని మేత మానేస్తుంది. మేత తగ్గితే పేగులు, పేగుల తర్వాత అన్నీ దెబ్బ తింటాయి.

తీసుకుపోయేటప్పుడు చెవులు పట్టి ఎత్తవద్దు. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ళ కింద పెట్టి, మన ఒంటికి ఆనించి పట్టుకోవాలి. వెనక భాగం గాలిలో వేలాడితే బెదిరి తన్నుకుంటుంది. ఆ తన్నుకే దాని వెన్నెముక విరిగే ప్రమాదం ఉంది. దాని కండ బలం ఎక్కువ, ఎముక మాత్రం తేలిక.

ఇక ఇంట్లో మనం చేయదగినవి. ముందు ట్రే. ముందువైపు అంచును రెండంగుళాల కంటే తక్కువ ఎత్తు ఉండేలా కోయండి. కోసిన అంచు గీసుకోకుండా గరుకు కాగితంతో రుద్ది, గుడ్డ పట్టీ అంటించండి. కుందేలు కాళ్ళు చాపి పడుకున్నా చాలేంత పెద్ద ట్రే కావాలి. కొత్తది కొననక్కర లేదు, పాత ప్లాస్టిక్ టబ్బు చాలు. ఒక్క ట్రే కాదు, అది తిరిగే చోట రెండు మూడు పెట్టండి. ముసలివారి మంచం పక్కనే మరచెంబు పెట్టినట్టే. ట్రే చోటు మాటిమాటికీ మార్చకండి.

అడుగున పాత వార్తాపత్రికలు మందంగా పరిచి, వాటి మీద మెత్తని ఎండుగడ్డి వేయండి. మన తుంగభద్ర ఎడమ కాలువ కింద వరిగడ్డికి, ఊకకు కొదవ లేదు. అయితే ఊక పైన వేయవద్దు. దాని దుమ్ము ముక్కుకు ఎక్కుతుంది, మొనలు అరికాళ్ళకు గుచ్చుకుంటాయి. తడి పీల్చడానికి అడుగున వేసి, పైన మందపాటి గుడ్డ పరిస్తే సరిపోతుంది. కుందేలు అరికాలికి కుక్కకు, పిల్లికి ఉన్నట్టు మెత్తని గాదె ఉండదు, బొచ్చే దానికి చెప్పు. తడిలో, గరుకు నేల మీద ఎక్కువ సేపు కూర్చుంటే ఆ బొచ్చు పోయి పుళ్ళు పడతాయి. పిల్లుల కోసం అమ్మే, తడి తగలగానే గడ్డకట్టే మట్టి ఇసుకను మాత్రం వాడవద్దు. కుందేలు అది తింటే పేగుల్లో గడ్డకడుతుంది. ట్రేకు ఒక పక్కన తినే గడ్డి పెట్టండి. తింటూ విసర్జించడం దాని అలవాటు. గడ్డి కోసం వస్తుంది, పని కానిస్తుంది.

తర్వాత నేల. మన ఇళ్ళలో షాబాద్ బండలు వేసవికి చల్లగా ఉంటాయి, నిజమే. కానీ నున్నటి బండ మీద ముసలి కుందేలు కాళ్ళు పక్కలకు జారిపోతాయి. ఒకసారి జారితే రెండోసారి కదలడానికి భయపడుతుంది. పడక నుంచి ట్రే దాకా, ట్రే నుంచి నీళ్ళ దాకా ఉతికిన గోనెపట్టాలో, పాత జంపఖానా ముక్కో పరవండి. దారాలు ఊడి కాళ్ళకు చుట్టుకోకుండా అంచులు కుట్టండి. మా ఇంట్లో ట్రే అంచు కోసి, గోనెపట్టా పరిచిన మర్నాడే మల్లి మళ్ళీ ట్రేలోకి వెళ్ళింది. అన్ని ఇళ్ళలోనూ అంత సులువుగా జరుగుతుందని చెప్పను. కారణం నొప్పి అయితే మందు కూడా కావాలి. కారణం నరాలైతే ట్రే ఎలా కోసినా తడి ఆగదు. అప్పుడు పడకే ట్రే అనుకుని, తడి కిందికి దిగిపోయే గుడ్డలు రోజుకు రెండు మూడు సార్లు మార్చడమే మార్గం.

నేల కడగడానికి ఫినాయిలు వద్దు. ఆ ఘాటు దాని ముక్కుకు పడదు. కాళ్ళకు అంటినది నాకితే ప్రమాదం. నీళ్ళు కలిపిన తెల్ల వెనిగర్ తో తుడిస్తే సున్నపు మరకా పోతుంది, వాసనా పోతుంది. ట్రే రోజూ మార్చాలి. మూత్రపు ఘాటు గాలి కుందేలు ఊపిరితిత్తులకు చేటు.

కుందేలు వెనక భాగం తడిసి ఉంటే చర్మం కందిపోయి, బొచ్చు ఊడి, పుండు పడుతుంది. దాన్ని బకెట్టు నీళ్ళలో ముంచి స్నానం చేయించకూడదు. ఆ బెదురుకే కొన్ని కుందేళ్ళు ప్రాణం వదులుతాయి. గోరువెచ్చని నీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో ఆ ఒక్కచోటే తుడిచి, పొడి గుడ్డతో పూర్తిగా ఆరబెట్టండి. కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుందని మీరు గమనించారో లేదో. గట్టి గుండ్రనివి ఒక రకం. చిన్న ద్రాక్షగుత్తిలా మెత్తగా, నల్లగా ఉండేవి రెండో రకం. ఈ మెత్తవాటిని అది వంగి నేరుగా నోటితో అందుకుని తింటుంది. అసహ్యపడకండి, అందులో దానికి కావలసిన విటమిన్లు, మాంసకృత్తులు ఉంటాయి. నడుము వంగని ముసలి కుందేలు వాటిని అందుకోలేదు. అవి బొచ్చుకు అంటుకుని ఎండిపోతాయి.

ఆ తడికి, ఆ మురికికి ఈగలు వాలతాయి. ఇది చాలా ముఖ్యం, దయచేసి గుర్తుంచుకోండి. ఈగ పెట్టిన గుడ్లు ఒక్క రోజులోనే పురుగులై చర్మం తొలుచుకుపోతాయి. గొర్రెలకు పుండులో పురుగులు పడడం మన వారికి తెలిసిన సంగతే. కుందేలుకు పడితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ముఖ్యంగా వానాకాలంలో పొద్దున, సాయంత్రం తోక కింద చూడడం ఒక నియమంగా పెట్టుకోండి. కుందేలు ఉండే చోటికి సన్న దోమతెర కట్టండి.

మేత సంగతి. మేతలో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి. గరిక, ఎండుగడ్డి ఎప్పుడూ ముందుండాలి. పీచు ఉంటేనే పళ్ళు అరుగుతాయి, పేగులు కదులుతాయి. కొత్తిమీర, పుదీనా, క్యారెట్ ఆకు కొద్దిగా పెట్టవచ్చు. బొమ్మల్లో చూసి రోజూ క్యారెట్ దుంపలే పెడితే తీపి ఎక్కువై కడుపు చెడుతుంది. అన్నం, రొట్టె, బిస్కట్లు వద్దు. మూత్రంలో సున్నం ఎక్కువున్న కుందేలుకు లూసర్న్ గడ్డి, మునగాకు తగ్గించాలి. వాటిలో క్యాల్షియం ఎక్కువ. అలాగని సున్నం మొత్తానికే లేని మేత కూడా పనికిరాదు. పత్తి చేను గట్టున, వరి మడి గట్టున కోసిన గడ్డి పెట్టేముందు, అక్కడ పురుగుమందో కలుపుమందో కొట్టారేమో కనుక్కోండి. అనుమానముంటే పెట్టకండి.

నీళ్ళు బరువైన మట్టి మూకుడులో పెట్టండి. సీసా గొట్టం నుంచి పీల్చుకోవడం కంటే మూకుడులో తాగడం దానికి సులువు, ఎక్కువ తాగుతుంది. రెండు కిలోల కుందేలుకు రోజుకు సుమారు 100 నుంచి 200 మిల్లీలీటర్ల నీళ్ళు కావాలి. వేసవిలో ఇంకా ఎక్కువ. మన రాయచూరు ఎండలు తెలిసినవే, 40 డిగ్రీలు దాటడం మామూలు. కుందేలుకు మనలా చెమట పట్టదు. చెవుల నుంచే వేడి పంపించుకోవాలి. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం మొదలవుతుంది. తడి గోనెపట్టా తెర కట్టండి. సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. చెవులకు తడి చెయ్యి రాయండి. పాత కుండ అడ్డంగా పెడితే అందులో దూరి పడుకుంటుంది.

చివరగా, నేను కోపంలో అన్న మాట గురించి. కాలువ గట్టున వదిలేస్తే గడ్డి తిని బతుకుతుందని అన్నాను. బతకదు. ఇంట్లో పెరిగిన తెల్ల కుందేలుకు దాక్కోవడం తెలియదు. తెల్లారేలోగా కుక్కల పాలవుతుంది. పెంచిన జంతువును ఆకలికి, దప్పికకు వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. ఇక ఏ మందుకూ తగ్గని బాధలో, తినక, లేవలేక ఉన్న స్థితి వస్తే, నొప్పి లేకుండా సాగనంపే మార్గం పశువైద్యుడి దగ్గర ఉంది. ఆ నిర్ణయం పిల్లలకు దాచకుండా, వారితో మాట్లాడి తీసుకోవడం మంచిది. ఎక్కడికో పారిపోయిందని అబద్ధం చెబితే పిల్లలు ఏళ్ళ తరబడి గుమ్మం వైపు చూస్తూ ఉంటారు.

మల్లి ట్రే అంచు కోయడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఆ సాయంత్రం మా అమ్మ స్నానాల గదిలోకి వెళ్తూ, గడప దగ్గర గోడ పట్టుకుని ఆగి, ఒక్కో కాలే ఎత్తి వేయడం చూశాను. అలా రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నాను గానీ, అంచు ఎత్తు కొలవాలని నాకు తోచలేదు. మర్నాడు మేస్త్రీని పిలిపించి ఆ గడప చదును చేయించాము, గోడకు ఒక ఇనుప కడ్డీ బిగించాము. అమ్మ అడగలేదు. మల్లీ అడగలేదు.

మీ ఇంట్లో ముసలి కుందేలు ఉంటే, ఈ రోజు ఇంటికి వెళ్ళగానే ఒక స్కేలు తీసుకుని దాని ట్రే అంచు కొలవండి. రెండంగుళాలు దాటితే కోయండి. మిగతా సంగతులు తర్వాత చూసుకోవచ్చు.